వెనక నుంచి పడే ఎండ

ఫిబ్రవరి 11, మంగళవారం. పుంగనూరు లాడ్జి.

ఈ రోజు అరుణ్ కుమార్ ఒక ఫైటర్ ముక్కు పగలగొట్టాడు. రక్తపు చుక్కలు లెన్స్ మీద పడ్డాయి. ముందు లెన్స్ తుడిచాను, తర్వాతే ఆ మనిషి వైపు చూశాను. లెన్స్ మీద గీత పడలేదు. అది నా సొంతం, అందుకే అంత భయం.

మదనపల్లెలో పద్దెనిమిదేళ్లు పెళ్లిళ్లు తీసిన నాకు ఇది మొదటి సినిమా. ‘ఛాయాగ్రహణం: మునిరాజ’ అని తెర మీద పడుతుంది. ఆ ఒక్క లైను కోసం ఈ అరుణ్ కుమార్‌ను భరిస్తున్నాను. వాళ్ల నాన్నకు కుప్పం పక్కన శాంతిపురం దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది. కొడుక్కి హీరో కావాలని మోజు. సినిమా వాళ్లదే, క్వారీ వాళ్లదే, హీరో వాళ్లవాడే. డైరెక్టర్ గోపాలస్వామి వాళ్లు చెప్పినదానికల్లా తలూపుతాడు.

సినిమా దెబ్బ ఎలా కొట్టాలో అరుణ్‌కు పదిసార్లు చెప్పాను. పిడికిలి మొహానికి జానెడు దూరంలో పోవాలి. కెమెరా కొట్టేవాడి భుజం వెనక ఉంటే ఆ ఖాళీ కనపడదు, తగిలినట్టే ఉంటుంది. తలకాయ విసురుగా తిప్పడం దెబ్బ తినేవాడి పని. శబ్దం తర్వాత కలుపుకుంటారు. దీనికి బలం అక్కర్లేదు, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు. అరుణ్ చెయ్యి ఆగదు. ఆగితే ఫీల్ రాదట!

ఫైటర్లు ఆరుగురూ బెంగళూరు వాళ్లు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్న మనిషిని ఎక్కించుకుని మధ్యాహ్నమే వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ వాళ్లలో ఒకడు అరుణ్ కుర్చీని కాలితో తన్ని రెండు ముక్కలు చేశాడు.

“పోనీలేప్పా, లోకల్ మనుషుల్ని పెట్టుకుందాం. మొగాలన్నా నిజంగా ఉంటాయి,” అన్నాడు గోపాలస్వామి.

ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

ఫిబ్రవరి 13, గురువారం. మదనపల్లె.

పొద్దున్నే లోకనాథ్‌ను బండెక్కించుకుని కురబలకోట వైపు పోయాను. లోకనాథ్ నా లైట్‌మేన్. పన్నెండేళ్లుగా నాతో ఉన్నాడు. ఏ లైటు ఎటు తిప్పాలో నేను నోరు తెరవకముందే తెలిసిపోతుంది వాడికి.

ఊరి బయట ఒకాయన గొర్రెల మందను తోలుకుపోతున్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది. భుజాన కంబళి, చేతిలో కర్ర. ఎండ పక్క నుంచి పడుతోంది. చెంప ఎముక కింద నీడ, నుదుటి మీద గీతలు విడివిడిగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. బండి ఆపేశాను. అలాంటి మొహానికి మనం లైటు పెట్టనక్కర్లేదు. వచ్చే వెలుతురుకు అడ్డం పడకుండా ఉంటే చాలు.

పేరు తిమ్మప్ప. సినిమా అనగానే నవ్వాడు. ఇంటికి తీసుకుపోయాడు. వాళ్లావిడ కెంపమ్మ మాత్రం నవ్వలేదు.

“మా యప్పను కొట్టేదానికా పిలస్తాండారు?”

“కొట్టేది ఉండదమ్మా. కొట్టినట్టు కనపడతాది, అంతే.”

“కొట్టకుండా యాడ కనపడతాది? నా సెవిలో పూలు పెట్టొద్దండి.”

లోకనాథ్‌ను నిలబెట్టి, ఫోను ఆమె చేతికిచ్చి, నా భుజం వెనక నిలబడి తియ్యమన్నాను. గాల్లో పిడికిలి విసిరాను. లోకనాథ్ తలకాయ తిప్పి దభాలున కింద పడ్డాడు. కెంపమ్మ ఫోనులో చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోను నాకిచ్చేసి తిమ్మప్ప ముందు నిలబడి, “ముప్పయ్యేండ్లకి దొరికినాడు,” అంటూ తనే ఒకటి విసిరింది. ఆయన పడటం మర్చిపోయి నవ్వుతూ నిలబడిపోయాడు. ఇంటి ముందు ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వులు.

“అంటే దెబ్బ పడేదీ పడందీ నువ్వు నిలబడే తావును బట్టి ఉంటాది. అంతే గదప్పా?” అంది కెంపమ్మ.

నా దగ్గర పనిచేసినవాళ్లలో ఒక్కరికి కూడా ఇంత బాగా అర్థం కాలేదు. అంతేనమ్మా అన్నాను.

ఫిబ్రవరి 15, శనివారం.

క్వారీలో రిహార్సల్. కెమెరా అరుణ్ భుజం వెనక. తిమ్మప్ప బాగా పడుతున్నాడు. అరుణ్ చెయ్యి గాల్లోనే ఉంది. టైము పొద్దున పదకొండు. ఎండ నడినెత్తి మీద, మొహాలు చెత్తగా ఉన్నాయి. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు తీయాలని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 17, సోమవారం. కుప్పం.

షాట్ 41. లెన్స్ 85. కెమెరా పక్క నుంచి. బ్యాక్‌లైట్, ఎడమ వైపు బౌన్స్ అట్ట. నిడివి నలభై ఏడు సెకన్లు.

షాట్ జరుగుతుండగా తిమ్మప్ప కాలు జారి రాతి అంచు మీద పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. కుప్పం ఆసుపత్రిలో ఉన్నాడు.

షాట్ ఓకే.

ఫిబ్రవరి 18, మంగళవారం. కుప్పం.

నిన్న సరిగ్గా రాయలేదు.

రాతి పలక అంచు కత్తిలా ఉంది. తల వెనక పగిలింది. నోట్లోంచి కూడా రక్తం వచ్చింది. ఎత్తి వ్యాన్‌లో వేసేటప్పుడు తల పట్టుకున్నది నేనే. రెండు సార్లు సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లో నల్లగా ఉంది.

పోలీసులు వచ్చారు. అందరం ఒకటే చెప్పాం. కాలు జారింది. కెమెరా ఎక్కడ పెట్టాలో డైరెక్టర్ చెబుతాడు, నేను పెడతాను. షాట్ ఎప్పుడు ఆపాలో కూడా డైరెక్టరే చెబుతాడు. కట్ అనే మాట ఆయన తప్ప ఇంకెవరూ అనకూడదు. అది మా పద్ధతి. ఇదే చెప్పాను. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

మధ్యాహ్నం కెంపమ్మ వచ్చింది. వెంట తమ్ముడు మునస్వామి ఉన్నాడు, చెయ్యెత్తు మనిషి. ఆమె లోపలికి వెళ్లి చూసి బయటికొచ్చి గోపాలస్వామి చొక్కా పట్టుకుంది. గుండీలు తెగి వరండాలో దొర్లాయి.

“కాలు జారినోడికి దవడ యాల ఇరిగిందప్పా? జెప్పు. రెండు పండ్లు యాల లేవు?”

గోపాలస్వామి నా వైపు చూశాడు. ఆమె కూడా నా వైపు చూసింది. నేను బాటిల్లో నీళ్లున్నాయో లేదో చూసుకున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం.

లోకనాథ్ అన్నం తినడం లేదు. నాతో మాట్లాడటం లేదు. వాడికేమయింది? వాణ్నెవరూ ఏమీ అనలేదే.

ఫిబ్రవరి 20, గురువారం. పుంగనూరు.

తిమ్మప్ప పొద్దున చనిపోయాడు.

శవాన్ని కుప్పం నుంచి కురబలకోటకు తీసుకుపోయే దారి పుంగనూరు మీదుగానే. ఆ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. లాడ్జి ముందు మా వ్యాన్ నిలబడి ఉంది, దాని పక్కన సినిమా పేరు ఎర్రటి అక్షరాలతో. సామాను ఎక్కిస్తున్నాం. శవం ఉన్న బండి ఆగింది. వెనకాల వస్తున్న రెండు ఆటోలూ టెంపో కూడా ఆగాయి. అందరికంటే ముందు దూకింది మునస్వామి.

మొదటి రాయికి వ్యాన్ అద్దం పోయింది. రెండోది డ్రైవరు నుదుటికి తగిలింది. అతను కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయాడు. తర్వాత ఎన్ని పడ్డాయో తెలియదు. లోకనాథ్ పెద్ద లైటును పొట్టకు కరుచుకుని కూర్చుంటే వీపు మీద కర్రలతో బాదారు. ఆ లైటు మా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే విలువైనది. నా భుజానికి ఒక రాయి, నడుముకు ఒక తన్ను. కింద పడ్డాను. ఎవరిదో చెప్పు నా చెంప మీద ఆగి, అలాగే నొక్కింది. రోడ్డు మీది మన్ను నోట్లోకి పోయింది. పాత టౌను నుంచి జనం పరుగెత్తుకొచ్చారు, అడ్డం పడింది మాత్రం ఒక పూలమ్మే ముసలావిడ. “సస్తారురా, ఇడ్సండి,” అని ఆమె అరిచిన అరుపుకు ఆ చెప్పు లేచింది.

కెంపమ్మ బండి దిగలేదు. కిటికీలోంచి చూస్తోంది. ఆపమని అనలేదు, కొట్టమనీ అనలేదు.

అరుణ్ కుమార్ బెంగళూరులో ఉన్నాడట. గోపాలస్వామి ఫోను ఎత్తడు. దెబ్బలు తినడానికి మేమే మిగిలాం.

ఫిబ్రవరి 21, శుక్రవారం. మదనపల్లె.

నా స్టూడియోకు లోకనాథ్ వచ్చాడు. వీపంతా వాతలు. సామాను సర్దుతూ సర్దుతూ, నా మొహం చూడకుండానే అన్నాడు.

“పోలీసులకి నిజం జెప్పల్లన్నా.”

“ఏం నిజంరా?”

“గ్యాప్ కనపడతాండాది, కెమెరా పాత తావుకే జరుపుదామని డైరెక్టర్ అన్నాడు. వద్దనింది నువ్వు గదన్నా.”

వాడు అబద్ధం చెబుతున్నాడు. భయపడి ఉన్నాడు, వీపు మండుతోంది, ఎవరి మీదికో నెట్టాలి కదా. నేను వాడికి నెమ్మదిగా చెప్పబోయాను. చెయ్యి తగిలింది. అంతే. చెయ్యి తగిలి వాడు స్టాండ్ల మీద పడ్డాడు, పెదవి చిట్లింది.

మూడు సార్లు తగిలింది.

ఫిబ్రవరి 22, శనివారం.

పొద్దున పదింటికి అరుణ్ కుమార్ వచ్చాడు, ఇద్దరు మనుషులతో. షట్టర్ దించేశారు. షాట్ 41 ఉన్న మెమరీ కార్డు కావాలన్నాడు. ప్రతి రోజూ తీసినది రెండు కార్డుల్లో ఎక్కించడం నా అలవాటు. ఒకటి డైరెక్టర్‌కు పోతుంది, ఒకటి నా దగ్గర ఉంటుంది. గోపాలస్వామి తన కార్డును వాళ్లకు ఎప్పుడో ఇచ్చేశాడట, దాన్ని రాయి పెట్టి నలగ్గొట్టారట. ఆ సంగతి అరుణ్ నవ్వుతూ చెప్పాడు.

లేదన్నాను. ఒకడు నన్ను వెనక నుంచి పట్టుకున్నాడు, రెండోవాడు కడుపులో గుద్దాడు. వాడి చెయ్యి గాల్లో ఆగలేదు. దెబ్బ ఎలా కనపడాలో అందరికీ చెప్పాను గానీ ఊపిరి ఇలా ఆగిపోతుందని నాకు తెలియదు. నోట్లోంచి పసరు వచ్చింది. అరుణ్ నా 85 లెన్స్ తీసి గచ్చు మీద కొట్టాడు, పగలలేదు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి పగిలింది.

“ఏమప్పా, నీకోసరమే జెప్తాండా,” అన్నాడు, నా జుట్టు పట్టి తల పైకి లేపి. “దాంట్లో నా చెయ్యి ఒగటే ఉండాదనుకుంటాండావా? నీ గొంతు ఉండాది. నువ్వేమన్నావో అంతా ఇనపడతాది. ఇద్దరం పోతాం.”

వెనక తలుపు నుంచి ఝాన్సీ వచ్చింది. నా భార్య కోడిని కోయడం కూడా చూడలేదు. ట్రైపాడ్ కాలు ఒకటి విడిగా పడి ఉంటే తీసుకుని నన్ను పట్టుకున్నవాడి మోకాలి మీద వేసింది. ఎముక శబ్దం వినపడింది. రెండోది అరుణ్ మణికట్టు మీద. ఆ తర్వాత ఆమె పెట్టిన కేకలకు ఊళ్లోని బెంగళూరు బస్టాండ్ దాకా జనం పోగయ్యారు. వాళ్లు కుంటుకుంటూ కారెక్కారు. కంప్యూటర్ తీసుకుపోయారు. కార్డు అందులో లేదు. నా కార్డులన్నీ దాచేది ఝాన్సీయే, ఎక్కడుందో ఆమెకు మాత్రమే తెలుసు.

సాయంత్రం ఆమె దాన్ని నా ముందు పెట్టింది.

“ఏముండాది దీంట్లో?”

“షాట్.”

“షాట్ కోసరం మనుషులు ఇట్లా సంపుకుంటారా?”

కెమెరాకు చిన్న మైకు ఉంటుంది, అది దాని ముందు మాట్లాడిందంతా పట్టేస్తుంది. ఎడిటింగ్‌లో పనికొస్తుందని నేనే ఎప్పుడూ ఆన్ చేసి ఉంచుతాను. ఎలా మర్చిపోయాను?

ఫిబ్రవరి 23, ఆదివారం.

చూడలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం.

చూశాను. రాస్తాను. ఇది నా పుస్తకం, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక నాకు చోటు లేదు.

పోయిన సోమవారం నాలుగున్నరకు ఎండ పడమటికి దిగింది. పాత చోట, అంటే అరుణ్ భుజం వెనక నుంచి చూస్తే తిమ్మప్ప మొహం మీద ఆ ఎండ ఒకేలా పరుచుకుని చప్పగా ఉంది. కెమెరాను పక్కకు జరిపి చూశాను. సూర్యుడు ఇద్దరి వెనకాలకు వచ్చాడు. క్వారీ దుమ్ము లేచి వెలుగుతోంది. తిమ్మప్ప జుట్టు చివర, భుజం మీద, కంబళి నూగు మీద బంగారు గీత గీసినట్టు. బ్యాక్‌లైట్. నా ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లు పెళ్లి మండపాల్లో ట్యూబులైట్ల కింద ఏడ్చినవాడిని, నాకు ఒక్కసారి దొరికింది అది.

అయితే పక్క నుంచి చూస్తే పిడికిలికీ దవడకూ మధ్య జానెడు ఖాళీ స్పష్టంగా కనపడుతుంది. గోపాలస్వామి మానిటర్లో చూసి అదే అన్నాడు. కెమెరా వెనక్కి జరుపు అన్నాడు. లోకనాథ్ చెప్పింది నిజం.

కార్డులో నా గొంతు స్పష్టంగా ఉంది. “కెమెరా కదిపితే ఈ లైటు పోతాదన్నా. గ్యాప్ కనపడితే తగలనీండి. రెండు తగిలితే ఏమవుతాది?”

అరుణ్ నవ్వు వినపడింది. తర్వాత తిమ్మప్పతో, “రెండు తగుల్తాయి, ఓర్చుకో.” తర్వాత తిమ్మప్ప. “సరే సామీ. బిన్నా కానీండి, బస్సు పోతాది, పొద్దున్నే గొర్రెల్ని తోలుకోని పోవాల.”

మొదటి దెబ్బ పన్నెండో సెకనులో. దవడ మీద. తల పక్కకు పోయి మళ్లీ వచ్చింది. దుమ్ములో ఉమ్ము మెరిసింది. రెండో దెబ్బ పంతొమ్మిదో సెకనులో. దవడ చప్పుడు మైకులోకి వచ్చింది. చెంప మీదుగా రక్తం కారింది. రక్తం వల్ల చెంప ముదురు రంగుకు తిరిగి నల్లగా కనపడుతోంది. నేను అర స్టాప్ తెరిచాను, అంటే లెన్స్‌లోకి వెలుతురు ఇంకొంచెం రానిచ్చాను. “లోకా, బౌన్స్ పైకెత్తు, మొగం మీద పడాల,” అన్నాను. లోకనాథ్ తెల్ల అట్ట ఎత్తాడు. రక్తం బాగా కనపడింది. గొంతులో కంగారు లేదు. పెళ్లిలో వధువు మొహం మీద లైటు పడలేదన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది నా గొంతు.

రెండే అన్నారు. అరుణ్ ఆగలేదు. నాలుగో దెబ్బకు తిమ్మప్ప మోకాళ్లు మడతపడ్డాయి. ఐదోది పడుతున్న మనిషికి తగిలింది. ఆ విసురుకే రాతి అంచు మీదికి పోయాడు. కట్ అని గోపాలస్వామి అన్నది దాని తర్వాత పది సెకన్లకు.

రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య కొంచెం ఉంది. అది రాయను.

ఫిబ్రవరి 25, మంగళవారం.

లోకనాథ్ ఇంటికి వెళ్లాను. తలుపు తీయలేదు. నేను నిన్ను కొట్టాను, నువ్వు చెప్పింది నిజం అని బయట నిలబడే చెప్పాను. లోపలి నుంచి అన్నాడు, “అట్ట ఎత్తింది నేనే గదన్నా.” ఏడుస్తున్నాడు. నాకు కూడా ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 27, గురువారం. కురబలకోట నుంచి వచ్చాక.

ఝాన్సీ వస్తానంది. వద్దన్నాను. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఒక్కడినే పోయాను. ఎండ మొదలైంది. ఇంటి ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మునస్వామి లేచాడు. చేతిలో కర్ర నా భుజం మీద పడింది, ఆ పాత దెబ్బ మీదే. రెండోది చెవి మీద. ప్రపంచమంతా గంటలా మోగింది. నేల మీద పడి సంచిని కడుపు కింద పెట్టుకున్నాను. మూడోది ఎడమ మోచేతి మీద పడింది, ఆ చెయ్యి ఇప్పటికీ చాపలేకపోతున్నాను. కుడిచేత్తో రాస్తున్నాను కాబట్టి సరిపోయింది.

“సూపీడానికి వచ్చినా,” అని అరిచాను. “ఏం జరిగిందో సూపీడానికి వచ్చినా!”

కెంపమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఇడ్సు మునస్వామీ,” అంది.

గొర్రెల కొట్టం నీడలో ల్యాప్‌టాప్ పెట్టాను. ఆమె ముందు కూర్చుంది, మునస్వామి నా వెనక నిలబడ్డాడు. నలభై ఏడు సెకన్లూ చూసింది. కన్ను ఆర్పలేదు. తిమ్మప్ప పడినప్పుడు రెండు చేతులూ ముందుకు చాపింది, పట్టుకోబోయినట్టు. తర్వాత వాటిని ఒళ్లో పెట్టుకుంది. వెనక మునస్వామి ఏదో గొణుగుతూ గోడను గుద్దుతున్నాడు.

“మళ్లా పెట్టు.”

పెట్టాను.

“ఈ గొంతెవురిది?”

“నాది.”

“ఈ లైటు పోతాదంటాండావే. యాడుండాది లైటు? నాకు లైటేమీ కనపడలేదే.”

“లైటంటే ఎండేనమ్మా. దాన్ని బ్యాక్‌లైట్ అంటారు.”

“ఆ మాటలొద్దు. నాకు అర్థమయ్యేట్టు జెప్పు.”

“ఎండ మనిషి యెనక నుంచి పడతాది. అంచుకి వెలుగొస్తాది.”

“వస్తే?”

“సూసేదానికి బాగుంటాది.”

“దానికోసరమా?”

ఏదో చెప్పాలని చూశాను. సీను, మూడ్, దుమ్ములో వెలుగు, ఎన్నో మాటలు నోటి దాకా వచ్చాయి. అన్నీ ఆ ఎండ లాంటివే.

“దానికోసరమే,” అన్నాను.

మునస్వామి కర్ర మళ్లీ లేచింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

“మళ్లా పెట్టు. రెండో దెబ్బ తర్వాత ఆపు.”

ఆమె అక్కడే ఆపమంటుందని నాకు తెలుసు. ఆపాను. అరుణ్ వైపు చూడాల్సిన తిమ్మప్ప అక్కడ తల తిప్పాడు. చెంప నిండా రక్తం, నోరు కొంచెం తెరిచి ఉంది, దవడ పక్కకు జారింది. మాట రావడం లేదు. నేరుగా తెరలోంచి చూస్తున్నాడు.

“మా యప్ప ఎవురికల్లా సూస్తాండాడు?”

“నాకల్లా.”

“యాల?”

“ఆపమని.”

“నువ్వేం జేసినావు?”

“ఆయప్ప కండ్ల మీదికి ఫోకస్ తెచ్చినా.”

“అంటే?”

“ఇంకా బాగా కనపడేట్టు జేసినానమ్మా.”

ఆమె లేచింది. రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. గొర్రెలు పట్టీ కట్టీ గట్టిపడిన చేతులు. కళ్ల ముందు నల్లగా అయింది, చెవుల్లో రక్తం కొట్టుకుంది. నేను విడిపించుకోలేదు. చావాలని కాదు, చావంటే నాకు చాలా భయం. అయినా చేతులు లేవలేదు. ఎంతసేపో తెలియదు. మునస్వామే ఆమెను వెనక్కి లాగుతూ, “అక్కా, సస్తాడు అక్కా,” అన్నాడు.

“సావొద్దు,” అంది ఆమె రొప్పుతూ. “ఈడ జెప్పినాడే, అదే మాట స్టేషన్లో జెప్పాల. ఇదే మాదిరి. ఆ మాటలేమీ లేకుండా.”

ఫిబ్రవరి 28, శుక్రవారం. కుప్పం.

మునస్వామి బండి మీద ముందు వెళ్లాడు. నేనూ కెంపమ్మా బస్సులో వచ్చాం. మూడు గంటల దారి. పక్క సీట్లో కూర్చోవడానికి నాకు ధైర్యం లేక నిలబడ్డాను. నా మెడ మీద ఆమె వేళ్ల గుర్తులు చూసి కండక్టర్ రెండు సార్లు నా మొహంలోకి చూశాడు.

అరుణ్ తరఫు లాయరు స్టేషన్లోనే ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచాడు. కార్డు ఇస్తే నువ్వు కూడా ముద్దాయివే, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకున్నాను సార్, వారం రోజులు అదే పని అన్నాను.

కార్డు ఇచ్చాను. చెప్పమన్నారు, రైటరు రాసుకున్నాడు. “షాట్ తీస్తుండగా జరిగింది,” అని మొదలుపెట్టాను.

“జరగలే,” అంది బెంచీ మీది నుంచి కెంపమ్మ. “జేసినారు.”

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కట్, స్టాప్, బౌన్స్ ఏవీ రాకుండా చెప్పాను. అంతా కలిపి ఒక కాగితానికి కొంచెం తక్కువే వచ్చింది. రైటరు చదివి వినిపించబోతే ఆమె వద్దంది, నన్నే చదవమంది. నిలబడి చదివాను. సూర్యుడు వెనక ఉంటే బాగుంటుందని నేనే కోరాను. డైరెక్టర్ వద్దన్నా నిజంగా కొట్టనివ్వమని నేనే అన్నాను. రెండో దెబ్బ తర్వాత అతను ఆపమని నా వైపు చూశాడు. నేను ఆపగలిగేవాణ్ని. ఆపలేదు. అక్కడికొచ్చేసరికి కాగితం దించేశాను. ఆమె కాచుకుని కూర్చుంది. మళ్లీ అక్కడి నుంచే చదివాను. అరుణ్ కుమార్ ఇంకా మూడు దెబ్బలు కొట్టాడు.

సంతకం పెట్టాను. ఇంటికి పోవచ్చు, పిలిచినప్పుడు రావాలి, ఊరు దాటొద్దు అన్నారు. అరుణ్ కోసం బెంగళూరుకు మనుషుల్ని పంపుతున్నారట. నాకు బెయిలు వస్తుందో లేదో లాయరును అడగాలని ఝాన్సీ ఫోన్ చేసింది.

బయట మెట్ల మీద కెంపమ్మ చెప్పులు వేసుకుంటోంది. దండం పెట్టాను. ఆమె నా చేతుల వైపు కూడా చూడలేదు. రెండు మెట్లు దిగి ఆగింది.

“ఇంతకీ బాగా వచ్చిందా, ఆ ఎండ?”

అబద్ధం చెబుదామనుకున్నాను. రాలేదమ్మా, పాడైంది, ఎందుకూ పనికిరాలేదు అని చెబుదామనుకున్నాను.

“వచ్చిందమ్మా,” అన్నాను.

ఆమె తలూపి బస్టాండ్ వైపు నడిచింది.